పచ్చగువ్వ అత్తవారిల్లు

తిరుపతి వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా తెనాలి వీధిలో అడగనివాళ్ళు లేరు. దర్శనం బాగా జరిగిందా, ప్రసాదం ఏదీ, కొండ మీద ఎన్నాళ్ళున్నావు? నేను కొండే ఎక్కలేదంటే ఒక్కరూ నమ్మరు. అంత దూరం పోయి స్వామిని చూడకుండా ఏం చేసొచ్చావమ్మా అని నిలదీస్తే, మా బుల్లోణ్ణి అత్తవారింటికి తీసుకెళ్ళానని చెప్పాను. మాకు పిల్లల్లేరని వాళ్ళందరికీ తెలుసు. మొగుడు పోయాక దీనికి మతి చలించిందని గుసగుసలు మొదలయ్యాయి. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

బుల్లోడంటే మనిషి కాదు, పచ్చగువ్వ. పావురం జాతే గానీ గింజ ముట్టదు, నేల మీద వాలదు. చెట్టే దాని లోకం, పళ్ళే దాని తిండి. ఒళ్ళంతా లేత వేపచిగురు పచ్చ, భుజం మీద వంకాయ రంగు మచ్చ, కాళ్ళు పసుపు పూసినట్టుంటాయి. మా ఆయనకి ఫోటో స్టూడియో ఉండేది. స్టూడియో వెనక దొడ్లో ఇనప వల బిగించి గదంత పంజరం కట్టి, దాన్నిండా కొమ్మలు నాటి ఈ గువ్వల్ని పెంచారు. వీటికి మేడిపళ్ళు, జువ్విపళ్ళు తేవడానికి రోజూ సైకిలు మీద ఊరంతా తిరిగేవారు. ఇంట్లోకి కూరగాయలు తెమ్మంటే మాత్రం ఆ సైకిలుకి గాలుండేది కాదు.

నాలుగైదేళ్ళ కిందట, మిగతావన్నీ పోయి బుల్లోడొక్కడే మిగిలితే, ఆయన తిరుపతి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు బుట్టలో ఒక ఆడగువ్వని తెచ్చారు. పూతలపట్టు దగ్గర మునస్వామి అనే ఆయన తోటలో ఇచ్చారన్నారు. అంతకు మించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నిరుడు ఆయన పోయారు. ఈ వేసవిలో ఆడగువ్వ మొదటిసారి గూడు కట్టుకుని, గుడ్డు పెట్టలేక నా చేతుల్లోనే పోయింది. ఆ రోజు నుంచి బుల్లోడు మూలకి మొహం పెట్టుకుని కూర్చున్నాడు. పళ్ళ గుత్తి ఎదురుగా వేలాడదీసినా చూడడు. అరటిపండు, నానబెట్టిన శనగపప్పు కలిపి నూరి ఉండలు చేసి నా చేత్తో పెడితే నాలుగు తింటాడు. లోకంలో పెద్దపిల్ల పోతే చిన్నపిల్లనిచ్చి చెయ్యడం లేదా? పట్టుకుంటే ఎముకలే తగులుతున్నాయి, ఇంకో నెల ఇలాగే సాగితే వీడు దక్కడు. ఆయన వదిలిపోయిన వాటిలో ఊపిరున్నది ఇదొక్కటే. బుట్ట భుజాన వేసుకుని బయల్దేరాను.

ఏర్పేడు

రైలు ఏర్పేడులో ఆగి ఇక కదలనంది. పెట్టెలో ఉక్క. బుట్ట మీద తడిగుడ్డ కప్పి కిటికీ దగ్గర పెట్టుకున్నాను. ప్లాట్‌ఫారం మీద తాటిముంజలు అమ్ముతున్న ఒకావిడ వచ్చి గుడ్డ ఎత్తి చూసింది, తన బుట్టే అన్నట్టు.

"యేముండాదమ్మా దీంట్లో? కోడిపెట్టా?"

"కోడి కాదు, పచ్చగువ్వ."

"కూరకా?"

నాకు ఒళ్ళు మండింది. "కూరకి కాదు, పెళ్ళికి!" అన్నాను. పెట్టెలో అందరూ గొల్లుమన్నారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి తల దూర్చి బుల్లోణ్ణి పరిశీలనగా చూసింది.

"దిగులు పట్టుకోనుండాది దీనికి. మా యెద్దు గూడా జత సచ్చిపోతే ఇట్లనే మేత మానుకునె."

"తర్వాత తిన్నదా?"

ఆవిడ రెండు ముంజలు ఒలిచి నా చేతిలో పెట్టింది. నేను ఒకటి నలిపి ఆ నీళ్ళు బుల్లోడి ముక్కు దగ్గర పెడితే తల తిప్పుకున్నాడు. రెండోది నేను తిన్నాను, చల్లగా దిగింది. డబ్బులిస్తానంటే తీసుకోలేదు. "పెళ్ళికి పోతాండారు గదా, సదివింపులనుకో" అని వెళ్ళిపోయింది. మా వైపు ముంజలమ్మేవాళ్ళు తోడబుట్టినదానికైనా పైసా తగ్గించరు. రైలు కదిలాక చాలాసేపు ఆ ఎద్దు సంగతే ఆలోచించాను.

తిరుచానూరు

తిరుపతి ఊళ్ళో జనం తాకిడి ఎక్కువగా ఉందని తిరుచానూరులో గది వెతుక్కున్నాను. లాడ్జి మేనేజరు విభూది పెట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని పెద్దమనిషిలా ఉన్నాడు. బుట్టలోంచి రెక్క చప్పుడు వినగానే కలం కింద పెట్టేశాడు.

"గువ్వలకి రూము ఇయ్యమమ్మా."

"దానికి మంచం అక్కర్లేదు నాయనా. నాతోపాటు సర్దుకుంటుంది."

"అట్ల గాదు. ఈడ యాత్రికులుంటారు. గలీజు జేస్తాది."

"పళ్ళు తప్ప ముట్టని పక్షి. మీ యాత్రికుల కంటే శుభ్రం!"

ఆయన నమ్మకుండా గుడ్డ తీసి వంగి చూశాడు. బుల్లోడు సరిగ్గా అప్పుడే బెదిరి గట్టిగా రెక్కలు కొట్టేసరికి, బుట్టలో మిగిలిపోయిన అరటిపండు గుజ్జంతా ఆయన తెల్లచొక్కా మీద పడింది. అయిపోయింది, ఇక వీధిలోనే పడక అనుకున్నాను. ఆయన చొక్కా వంక చూసుకుని, నా వంక చూసి, బుట్ట వంక చూసి పక్కున నవ్వేశాడు. "సరే పో తల్లీ, మేడ మీద మూల రూము దీస్కో. తలుపు దెరిసి పెట్టొద్దు, పిల్లులుండాయి" అన్నాడు. మా వైపైతే చొక్కా ఉతుకు డబ్బులు ముందు వసూలు చేసి తర్వాత మాట్లాడేవాళ్ళు.

పొద్దున్నే పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాను. పావలాకి రెండు. వేరుశనగ చట్నీ ఎర్రగా, నీళ్ళగా, నాలుక అంటుకుపోయేంత కారంగా ఉంది. కారానికి మేం పెట్టింది పేరు అనుకునేదాన్ని, ఆ గర్వం అక్కడితో తీరింది. చుట్టూ సగం మంది అరవం, సగం మంది తెలుగు, ఒకే మాటలో రెండూ కలిపి మాట్లాడేవాళ్ళు మరికొందరు.

అమ్మవారి గుడి వీధిలో పూలమ్మే అమ్మాయి దండ చాచి "తీసుకో అక్కా, కనకాంబరాలు" అని పిలిచింది. దగ్గరికి వెళ్ళేసరికి బొట్టు లేని నా మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. తల వంచుకుని పక్కావిడని పిలిచింది. ఈ ఏడాదిలో ఇలాంటివి చాలా చూశాను, అయినా గుచ్చుకుంది. ఆయన ఉన్న రోజుల్లో స్టూడియోకి పెళ్ళివాళ్ళు ఫోటోకి వస్తే, పెళ్ళికూతురి తలలో పూలు నేనే సర్దేదాన్ని. "అటు కాదు, ఎడమ వైపు జార్చు" అని ఆయన నల్లగుడ్డ లోపల్నుంచి అరిచేవారు. ఆ అరుపు ఇంకా చెవుల్లో ఉంది. నేను పట్టుబట్టి ఒక మూర కొన్నాను. బుట్ట పిడికి చుట్టాను.

పూతలపట్టు కూడలి

బస్సు దిగితే నాలుగు దిక్కులా మామిడిపళ్ళ బండ్లే. మేం బంగినపల్లి అనేదాన్ని వీళ్ళు బేనీషా అంటారు. గాలి కూడా తియ్యగా ఉంది. టీ కొట్టాయన్ని మునస్వామి తోట ఎక్కడని అడిగాను.

"గువ్వల మునస్వామా? కొనేదానికి వచ్చినావా?"

"ఎందుకడుగుతున్నారు?"

"కొనేదానికైతే ఈడినించే బస్సెక్కు. పోయినేడు మద్రాసునించి ఒగాయన కారేసుకోని వచ్చినాడు. గువ్వకి యెంత గావాలన్నాడంట. నీళ్ళు గూడా ఇయ్యకుండా తరిమేసినాడు ఆయప్ప."

"నేను కొనడానికి రాలేదు. చుట్టరికం."

"యేం సుట్టరికం?"

"వియ్యంకులం" అన్నాను. టీ కొట్టాయన గ్లాసు తోముతూ ఆగిపోయాడు. తర్వాత దారి చూపించాడు, టీలో ఇంకాస్త చక్కెర కూడా వేశాడు.

మునస్వామి తోట

తోట మధ్యలో ఆ పంజరాన్ని చూసి నేను నోరు తెరిచేశాను. మా ఆయన కట్టింది గది. ఇది ఒక లోకం. కాయలు కాసే జువ్విచెట్టుని మధ్యలో ఉంచి, చుట్టూ రాతి కంబాలు నాటి, చెట్టుకి చెట్టంతా మునిగేలా ఇనప వల బిగించారు. లోపల ఎన్ని గువ్వలున్నాయో లెక్కపెట్టలేం, ఆకుల్లో ఆకులైపోయాయి. కాయ రాలినప్పుడు, ఈల వేసినప్పుడు మాత్రమే తెలుస్తాయి. ఈ గువ్వల కూత మామూలు పావురాల గుటగుట కాదు. ఎవరో తీరిగ్గా ఈల వేసుకుంటూ వెళ్తున్నట్టుంటుంది. ఆయన ఇక్కడ నిలబడి ఈ ఈల విని ఉంటారు కదా అనుకున్నాను.

మునస్వామి యాభై దాటిన మనిషి, నల్లగా, పొడుగ్గా ఉన్నాడు. భార్య కాంతమ్మ గడ్డి పరిచి మామిడికాయలు పేరుస్తోంది. నేను తెనాలి ఫోటో స్టూడియో ఆయన భార్యనని చెప్పగానే ఇద్దరూ లేచి వచ్చారు. కాంతమ్మ బుట్టలోకి తొంగి చూసింది.

"అల్లుడొక్కడే ఉండాడే? మా పిల్ల యాడ?"

గువ్వ గురించే అడుగుతోందని అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. పోయిందని చెప్పాను. కాంతమ్మ చేతిలోని కాయ కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"యెట్ల పోయె?" అన్నాడు మునస్వామి. నన్ను బోనులో నిలబెట్టినట్టు అడిగాడు.

చెప్పాను. మొదటిసారి గూడు కట్టుకుందనీ, గుడ్డు అడ్డం పడిందనీ, ఆముదం వెచ్చజేసి రాసినా ఫలితం లేకపోయిందనీ చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"తొలికానుపుకి పుట్టింటికి పంపీమని జెప్పినా గదా ఆయప్పకి! గూడు కట్టేదానికి పుల్ల ఎత్తుకునిందంటే సాలు, బిన్నా, తడవు జేయకుండా తీసుకొచ్చి ఈడ ఇడ్సమంటి. పుట్టమన్నూ సున్నమూ కలిపి పెడతాం, కానుపయినంక పిల్లల్తో గూడా ఎత్తకపొమ్మంటి. మా నాయన కాలమునించీ ఈ తోటలో ఆడగువ్వనిస్తే అదే కట్టుబాటు. ఒప్పుకోని, దండం బెట్టి తీసకపాయె. మాట తప్పినాడు."

నా కోపం సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. "నాకు ఆయన ఈ ముక్క చెప్పలేదు. ఇప్పుడు పిలిచి అడుగుదామంటే మనిషి లేడు. నిరుడే పోయారు. ఆయన ఉంటే మీ పిల్లని భుజాన మోసుకొచ్చేవారు, మాట తప్పే మనిషి కాదు. ఇంకొక్క మాటన్నా ఊరుకోను!" అని అరిచేశాను.

మునస్వామి ఉన్నచోటే గడ్డి మీద కూర్చుండిపోయాడు. వాళ్ళకి తెలియదు. ఎవరు చెబుతారు?

"ఆయప్ప పొయినాడా?" అన్నాడు. "నవ్వుతా పోయె గదే ఈడినించి. మళ్ళొస్తానని జెప్పె."

కాంతమ్మ నా భుజం మీద చెయ్యి వేసి "లోపలికి రా వదినా" అంది. నన్ను వదినా అని పిలిచేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు, ఆయనకి తోబుట్టువుల్లేరు. ఆ పిలుపుకి బుట్ట ఎత్తుకుని ఆమె వెనకే లోపలికి నడిచాను.

గోడ మీది ఫోటో

మధ్యాహ్నం రాగిసంగటి పెట్టింది, ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి, మామిడికాయ పప్పుతో. నేను బుగ్గలు నొప్పెట్టేలా నములుతుంటే కాంతమ్మ నవ్వాపుకోలేకపోయింది. "నమలగూడదు వదినా, ముద్ద ముంచి మింగేయల్ల" అంది. మింగితే గొంతులో అడ్డం పడి కళ్ళ నీళ్ళొచ్చాయి. రెండో పూటకి అలవాటైంది, మూడో పూటకి రుచి తెలిసింది.

చెయ్యి కడుక్కుని లేచేసరికి గోడ మీద ఫోటో కనిపించింది. పంజరం ముందు మునస్వామి, చేతిలో గువ్వ, పక్కన కాంతమ్మ. మూలన మా స్టూడియో ముద్ర. మా ఆయన తీసి, ఇంటికెళ్ళాక పోస్టులో పంపారట. ఆ ఫోటోలో ఆయన లేరు. కానీ కింద మట్టి మీద ఒక నీడ పడింది, కెమెరా మీదికి తల వంచుకున్న నీడ. జీవితమంతా ఫోటోలు తీసిన మనిషి, నీడ పడకుండా ఒక అడుగు పక్కకి జరగలేకపోయారా అని కోపం వచ్చింది. ఇంట్లో ఆయన తీసినవి పెట్టెల నిండా ఉన్నాయి, ఆయన ఉన్న ఫోటో ఒక్కటీ సరిగ్గా లేదు. నేను ఆ గోడకి తల ఆనించి, సిగ్గు లేకుండా గట్టిగా ఏడ్చాను. మునస్వామి బయటికి వెళ్ళిపోయాడు. కాంతమ్మ పక్కనే నిలబడింది.

సాయంత్రం అసలు సంగతి ఎత్తాను. మీ రెండో పిల్లనివ్వండి, ఆ పుట్టమన్నేదో అదీ ఇవ్వండి, నేను చూసుకుంటానన్నాను.

"ఇస్తాం. గానీ ఈడే" అన్నాడు మునస్వామి.

"అంటే?"

"మీ గువ్వ ఈ సెట్టులో ఉండల్ల. ఇంగ మా పిల్లను దూరం పంపం. ఒగసారి పంపినందుకు సాలు."

"ఇల్లరికమా! మాకున్నది ఒక్కడండీ! ఆ పంజరం ఖాళీ పెట్టుకుని నేనేం చెయ్యను?"

"నీ ఇంట్లో అది తనంతట తాను యేమన్నా తింటాండాదా అక్కా?"

నేను చేత్తో పెడుతున్నానని చెప్పాను. ఆయన గొంతు తగ్గించాడు. "సూడక్కా, రొన్నాళ్ళు ఈడ ఇడుస్తాం. తనంతట తాను కొమ్మ మీద కాయ తినిందంటే ఈడ ఉంటాది. తినలేదంటే నీ గువ్వనీ మా పిల్లనీ రెండిట్నీ నువ్వే ఎత్తకపో. నేను అడ్డం రాను."

ఈ బేరంలో నాకే లాభమని ఆ క్షణాన అనిపించింది. తినకపోతే ఇద్దర్నీ తీసుకెళ్తాను. కానీ తినకపోతే వీడు బతకడు. ఏది కోరుకోవాలో తెలియక రాత్రంతా పక్క మీద దొర్లాను.

చెట్టు కింద

మర్నాడు పొద్దున్న కాంతమ్మ పసుపునీళ్ళ చెంబు, నాలుగు మామిడాకులు తెచ్చింది. వదిలే ముందు గువ్వ మీద నీళ్ళు చల్లాలట. చెంబు నా చేతికిస్తుంటే వెనక్కి జరిగాను. నేను చెయ్యకూడదమ్మా, నువ్వే కానివ్వు అన్నాను.

"మొగపిల్లోడి తల్లివి నువ్వు గాక ఇంగెవురు జేస్తారు? గమ్మున పట్టుకో వదినా" అని కసిరింది. తిరుచానూరు పూలమ్మాయిని తలుచుకుంటూ చల్లాను. పంజరంలో గుడ్డ తీయగానే బుల్లోడు బుట్టలోంచి ఎగిరి, అందరికంటే కింద ఉన్న ఎండుకొమ్మ మీద వాలి, కంబం వైపు మొహం పెట్టుకున్నాడు. ఇక్కడా అదే మూల.

ఆ రోజంతా అక్కణ్ణుంచి కదల్లేదు. పైన గువ్వలు ఈలలు వేసుకుంటూ కాయలు రాలుస్తుంటే, వీడు చెవిటివాడిలా కూర్చున్నాడు. పొద్దు వాలేవేళకి నేను ఉండబట్టలేక లోపలికి వెళ్ళి "బుల్లోడా, దా దా" అన్నాను. వెంటనే వచ్చి మణికట్టు మీద వాలి, ఉండలన్నీ తినేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మునస్వామి వల బయట నుంచి చూశాడు.

"నీ చెయ్యి అగుపడినంతసేపూ అది సెట్టు పక్క సూడదక్కా."

"ఆకలితో చావమంటారా?"

"సావదు. సావనియ్యను. ఒగ్గ దినం లోపలికి పోవాకు."

ఆయన్ని తిట్టుకుంటూనే ఒప్పుకున్నాను. మరుసటి రోజు పంజరం వైపు పోకుండా కాంతమ్మతో కలిసి మామిడికాయలు పేర్చాను. ఎడమ చెయ్యి మీద వాలే అలవాటు వాడిది, ఆ చెయ్యి తేలిగ్గా, ఏదో పారేసుకున్నట్టుంది. కాంతమ్మ మా ఆయన ఇక్కడికి వచ్చినప్పటి సంగతులు చెప్పుకొచ్చింది. సంగటి నమిలి నమిలి ఆయన కూడా ఇలాగే అవస్థ పడ్డారట. నాకు రాసుకునే అలవాటుందనీ, నా కోపం ఊరంతటికీ తెలుసనీ వాళ్ళకి చెప్పారట. "ఆమె అరిస్తే ఇల్లు నిండుగా ఉంటాది" అన్నారట. ఎన్నడూ నా ముందు అనలేదు ఆ మాట.

ఆ మర్నాడు తెల్లవారాక ఉండబట్టలేదు. అరటిపండు ఒలిచి, చిన్న ముక్క తుంచి పట్టుకుని పంజరం దగ్గరికి వెళ్ళాను. ఎండుకొమ్మ మీద వాడు లేడు. కింద పడ్డాడేమోనని నేలంతా చూశాను. అప్పుడు తలెత్తితే, చెట్టు నడికొమ్మ చివర, తలకిందులుగా వేలాడుతూ, పసుప్పచ్చ కాళ్ళతో రెమ్మని పట్టుకుని జువ్వికాయ కొరుకుతున్నాడు. కాయ పండిందో లేదో చూసుకునే ఓపిక కూడా లేదు. పక్కన ఒక లేతగువ్వ, అదే కొమ్మకి ఇటువైపు.

"బుల్లోడా" అన్నాను. "దా దా."

కొరకడం ఆపి ఒక కన్ను తిప్పి చూశాడు. నన్ను గుర్తుపట్టాడు, అందులో సందేహం లేదు. ఇంకోసారి పిలిచాను. చూసి, మళ్ళీ కాయ వైపు తిరిగాడు. రాలేదు.

ఎంత సంతోషం వేసిందో అంత కడుపు మండింది. వెనక మునస్వామి వచ్చి నిలబడ్డాడు. వల మధ్యలోంచి లోపలికి పెట్టిన నా చెయ్యి అలాగే ఉంది. కాసేపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ అరటిపండు ముక్క నేనే తినేశాను.